కోడలి వంతు

వసారాలో కూర్చున్న ఆరుగురూ మళ్ళీ టీ వద్దన్నారు. ఈసారి మంచినీళ్ళు కూడా వద్దన్నారు.

అమ్ము నిండు గ్లాసుల పళ్ళేన్ని వంటింటి గుమ్మం పక్క గట్టు మీద దించి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"జవాబు చెప్పేదాక ఈ ఇంట్ల ఏదీ ముట్టరంటమ్మా. నిన్న పొద్దుగాల ఇప్పలగూడల బయలెల్లిండ్రంట. ఎర్రబోరుల బస్సెక్కే ముందు ఇంత అంబలి తాగిండ్రు, గంతే. రాత్రి ఇక్కడ బస్టాండుల పన్నరు."

"నన్నేటి చెయ్యమంటావే?" అంది రత్నం.

పొయ్యి మూల పీట మీద కూర్చుని ఆమె బెండకాయలు తరుగుతోంది. ఎంతసేపటినుంచి తరుగుతోందో ఆమెకే తెలియదు. ఇంట్లో తినేది ముగ్గురు. పళ్ళెంలో పదిమందికి సరిపడా ముక్కలు పడ్డాయి.

"పొద్దెక్కింది. ఎసరు నేను పెట్టనా? నువ్వు జరసేపు ఒరుగు."

"అది నేను చూసుకుంటాను."

అమ్ము చీపురు అందుకుంది. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. ఇల్లు ఊడుస్తుంది, అంట్లు తోముతుంది, కూరలు తరుగుతుంది, పచ్చళ్ళకి కారం దంచుతుంది. అన్నం గిన్నె మాత్రం ముట్టదు. ఆ గిన్నె, ఆ పొయ్యి, ఆ మూల రత్నానివి. కిరండూల్ రైలు లైన్లో మామగారి గ్యాంగ్‌మన్ క్వార్టర్సులో, ఒంటిగది ఇంట్లో అత్తగారు పెట్టిన కట్టడి అది. కింది గచ్చుకీ పొయ్యి మూలకీ మధ్య నాలుగు వేళ్ళ ఎత్తున నల్లరాతి అంచు ఒకటి ఉంటుంది. ఈ ఇల్లు కట్టించుకున్నప్పుడు అత్తగారే దగ్గరుండి వేయించింది. ఆమె పోయి ఇరవై ఏళ్ళు. అంచు అలాగే ఉంది, గిన్నె చేయి మారలేదు.

ముందుగదిలోంచి శ్యామ్‌ప్రసాద్ వచ్చాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కాగితాలు. నగర్‌నార్ స్టీలు ప్లాంటులో ఇంజనీరు. తండ్రి స్మృతి సభకోసం వారం సెలవు పెట్టుకుని సుక్మా వచ్చి కూర్చున్నాడు.

"ప్రిన్సిపాల్ గారు మళ్ళీ చేశారమ్మా. రేపు పదిన్నరకి మొదలు. కలెక్టర్ కూడా వస్తున్నారు. కొత్త హాలుకి నాన్న పేరు ప్రకటిస్తారు. నువ్వు స్టేజి మీద, మధ్య కుర్చీలో."

"రానని నిన్న చెప్పాను."

"అలిసిపోయి అన్నావనుకున్నాను."

"ఇవాళా అలిసిపోయే అంటున్నాను."

శ్యామ్ కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. కొడుకులు గొంతు తగ్గించినప్పుడే తల్లులు జాగ్రత్తగా ఉండాలని రత్నానికి తెలుసు.

"పోనీ, స్మారక సంచికకి ఇస్తానన్న ఆ ఒక్క పేజీ అయినా ఇవ్వు. 'ఇంట్లో మా మాస్టారు' అని హెడ్డింగు కూడా వాళ్ళే పెట్టేశారు. నాలుగు మాటలు చెప్పు, నేను రాసుకుంటాను."

"రాసుకో. ఇంట్లో ఉండేవారు కారు. అయిపోయింది పేజీ."

అమ్ము మొహం పక్కకు తిప్పుకుంది. శ్యామ్ నవ్వలేదు.

కాలేజీలో ముప్పైఒక్క ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పాడు సన్యాసిరావు మాస్టారు. కానీ చరిత్ర సారని ఆయన్ని ఎవరూ అనలేదు. ఎన్నెస్సెస్ సారు అనేవారు. ఏటా శీతాకాలం కుర్రాళ్ళనీ ఆడపిల్లల్నీ వెంటేసుకుని, పారలూ తట్టలూ బస్సు మీద కట్టించుకుని ఏదో ఒక ఊరికి పోయేవాడు. సర్కారు లెక్కలో శిబిరం ఏడు రోజులు. మాస్టారి లెక్కలో అది ఎప్పుడూ ముగిసేది కాదు. ఆ ఊరి బావికని ఒకసారి, ఆ ఊరి పిల్లల హాస్టలు సీట్లకని ఒకసారి, ఎవరో జ్వరంతో పడున్నారని ఒకసారి. ఆయనది బయట పల్లకీ మోత. ఇంట్లో ఈగల మోత విన్నది రత్నం ఒక్కతే.

మాస్టారు పోయి నలభై రోజులైంది. నలభై రోజులుగా మనుషులు వస్తూనే ఉన్నారు. మా ఫారాలన్నీ సారే నింపాడంటాడు ఒకడు. నన్ను మంచం మీద వేసుకుని వాగు దాటించాడు, అందుకే నా బిడ్డ బతికిందంటుంది ఒకామె. అన్నీ నిజాలే. వింటున్నకొద్దీ రత్నానికి తేదీలు గుర్తుకొస్తాయి. ఆ వాగు దాటించిన రాత్రి శ్యామ్‌కి పచ్చకామెర్లు. ఆ ఫారాల వారం అత్తగారి చివరి వారం. వాళ్ళు చెప్పే ప్రతి మంచిరోజుకీ ఆమె దగ్గర ఒక చెడ్డరోజు జతగా ఉంది. పైకి చెప్పదు. టీ పెడుతుంది, అమ్ము పట్టుకెళ్తుంది.

"మొదటి వాక్యం విను," అన్నాడు శ్యామ్, కాగితం తీసి. "'మా నాన్న తన జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు.' ఇక్కడినుంచి ఎత్తుకుంటాను. ఎలా ఉంది?"

"చదువు. చప్పట్లు కొడతారు."

"నీకు ఆయన మీద కోపం ఇంకా పోలేదా అమ్మా?"

రత్నం కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు వేసి మెల్లగా లేచింది.

"కోపానికి ఓపికుండాలిరా. ముందు ఆ వసారాలో వాళ్ళకేటి కావాలో కనుక్కుని పంపించెయ్యాలి. నిన్నటినుంచి తిండిలేని మనుషులు గుమ్మంలో ఉంటే ఈ ఇంట్లో ముద్ద ఎలా దిగుతుంది?"

"నేను మాట్లాడాను. నీతోనే చెబుతారట. బస్సు పన్నెండుకి. ఆలోగా ఏదో ఒకటి చెప్పి పంపు. ఏది చెప్పినా రేపు వస్తానని మాత్రం అనకు."

అంటే కొడుక్కి సంగతి ముందే తెలుసన్నమాట. ఆమెకే చెప్పలేదు.

* * *

వసారా బయట వాన సన్నగా పడుతోంది. ఆరుగురూ గోడ వారగా, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. నలుగురు ఊరి మగవాళ్ళు. మధ్యలో అరవై దాటిన మనిషి, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని పక్కన ఒక ముసలామె. ఎనభై పైనే ఉంటాయి. పక్కన వెదురు చేటంత చిన్న బుట్ట, మీద మోదుగాకు కప్పి ఉంది.

రత్నం గుమ్మంలోకి రాగానే ఆ మనిషి లేచాడు.

"దండం వదినె. నేను హిడ్మాను. ఈమె మా అవ్వ, సన్నే."

రత్నం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. సారమ్మ అంటారు, మేడం అంటారు, అమ్మగారు అంటారు. వదినె అని ఈ వైపు ఎవరూ ఎప్పుడూ అనలేదు.

"నేను మీకు వదినెలా అయ్యాను?"

"సారు చెప్పలేదా?" అన్నాడు హిడ్మా. తర్వాత తనే తల ఊపుకున్నాడు. "ఆయన ఊళ్ళో మాట ఇంట్ల చెప్పడు, ఇంటి మాట ఊళ్ళ చెప్పడు. గట్ల మనిషి."

సన్నే చెయ్యెత్తి కొడుకుని ఆపింది. ఆమె గొంతు చిన్నది. వానలో వినడానికి రత్నం గుమ్మం దాటి రావలసి వచ్చింది.

"కూసో కోడలా. నిలవడితే నాకు మెడ నొస్తది."

రత్నం కూర్చుంది. నేల మీదే. వెనక శ్యామ్ కుర్చీ లాగిన చప్పుడైంది కానీ అప్పటికే ఆమె కూర్చుంది.

"మా ఊరు కాలినయేడు మమ్ములనందరిని ఎర్రబోరు కాడ గుడిసెలల్ల వెట్టిండ్రు," అంది సన్నే. "అప్పుడు మా కాడికి ఎవలొచ్చెటోళ్ళు? ఇటోళ్ళు తుపాకులు వట్టుకొచ్చెటోళ్ళు, అటోళ్ళు తుపాకులు వట్టుకొచ్చెటోళ్ళు. పలకలు వట్టుకొచ్చింది సారొక్కడే. నా పెద్దకొడుకు ఆ యేండ్లల్లనే పోయిండు. యేడ పోయిండో, మట్టిల యేడ ఉన్నడో ఎరుక లేదు."

సన్నే కొంగుతో మొహం మీది వాన తుంపర తుడుచుకుంది.

"మళ్ళ ఊరికి వొయ్యేనాడు సారు ముప్పైమంది పిలగాండ్లను తెచ్చిండు. బావి పూడిక దీసిండ్రు. పూడికల నా రొట్టెల పెనం దొరికింది. సారు దాన్ని కడిగి నా చేతులవెట్టి, ఇగ వండు అవ్వా అన్నడు. ఆనాడు నేనే అన్న, వీడు నా పెద్దకొడుకు అని."

"మాకు వరుస లేనోడు పండుగల కూసోవద్దు వదినె," హిడ్మా వివరంగా చెప్పాడు. "ఏ గట్టోడో, ఏ గోత్రపోడో, ఏ ఇంటోడో తెలవాలె. అందుకే ఊరంత కూసొని సారును మా గట్టుల కలుపుకున్నం. మా అవ్వకు పెద్దకొడుకైండు, నాకు అన్నైండు. నువ్వు మా ఇంటి పెద్దకోడలువు. పదారేండ్లాయె."

పదహారేళ్ళ నుంచి తనకి ఒక అత్తగారుంది. ఒక మరిది ఉన్నాడు. ఆ సంగతి ఇవాళ, ఆయన పోయిన నలభయ్యో రోజున తెలిసింది. రత్నానికి నవ్వాలో ఏం చెయ్యాలో తోచలేదు.

"ఇప్పుడేటి కావాలి?"

"రేపు రావాలె. అన్నకు రాయి నిలవెడుతున్నం. మా తాతల రాళ్ళ వరుసల. పెద్దరాయే దొరికింది, ఎనమండ్రు మోసిండ్రు. నిలవెట్టినాక పెండ్లాము దాని మీద నీళ్ళు వొయ్యాలె, కొత్తగుడ్డ కప్పాలె. అటెన్క గీ ఇత్తనాల మీద చెయ్యి వెట్టాలె." బుట్ట వైపు గడ్డం చూపించాడు. "అప్పుడు గాని ఊళ్ళె ఇత్తనాల పండుగ లేదు. పండుగ గాకుంట మేం దున్నం."

"మీ చుట్టుపక్కల..."

"అందరు చల్లిండ్రు. మొలకలు గూడ వొచ్చినయి. మాయి నలభై ఇండ్లు. బుట్టలల్ల ఇత్తనం అట్లనే ఉన్నది. వాగు ఇంక మోకాలు మీదికి రాలే. ఇంకో రెండు గట్టివానలు వడితే దాటనియ్యదు. మా పూజారి రేపటి దినమే వెట్టిండు."

శ్యామ్ ముందుకొచ్చాడు. "చూడు దాదా, రేపు కాలేజీలో పెద్ద ప్రోగ్రాం ఉంది. మీరంతా ఉండండి. మొదటి వరసలో కూర్చోబెడతాం. మిమ్మల్ని స్టేజి మీదకి పిలిచి శాలువా కప్పిస్తాను, నాది పూచీ. నాన్న పేరు మీద జరిగేదే కదా అదీ."

హిడ్మా అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. కోపంగా కాదు. తప్పిపోయిన ఎద్దుని గుర్తుపట్టేవాడి చూపు.

"నువ్వు అన్న తీరే ఉన్నవు కొడుకా, మొకం. మీ కంపెనీల కొలిమి వానొచ్చినా ఆగదు, ఎండొచ్చినా ఆగదు. మా నాగలి గట్ల గాదు. శాలువ గప్పుకుంటే ఇత్తనం మొలుస్తదా?"

వెనక నలుగురిలో ఒకడు గొంతులో నవ్వుకున్నాడు. శ్యామ్ చెవులు ఎర్రబడ్డాయి.

"సభ తరవాత ఇంకో రోజు పెట్టుకోండి. అమ్మ వయసెంత, ఆ వాగులు దాటే వయసా?"

"నా వయసెంత?" అంది సన్నే.

శ్యామ్ ఫోను తీసి టైము చూసుకున్నాడు.

రత్నం వాన వైపు చూస్తోంది. చూరు నీళ్ళు పడి గుంటలైన చోట ఒకప్పుడు మాస్టారు చెప్పులు విడిచేవాడు. బురదతో, ముళ్ళతో, ఎక్కడెక్కడి మట్టితోనో. కడిగింది ఆమె.

"బతికున్నన్నాళ్ళూ ఆయన్ని మీకే ఇచ్చాను," అంది. గొంతు పెంచలేదు. "పండగలకిచ్చాను, జ్వరాలకిచ్చాను. నాకు ఆపరేషనైతే మూడురోజుల తరవాత వచ్చారు. ఒక్కరోజు కూడా వద్దనలేదు. అంటే వినరని తెలుసు. పోయాక కూడా అడగడానికొచ్చారేటి? నాకూ కాస్త మిగల్చరా?"

హిడ్మా తల దించుకున్నాడు. సన్నే దించుకోలేదు.

"అడుగుతున్నం. ఇచ్చిన చేతినే అడుగుతరు కోడలా. ఇయ్యనోళ్ళ ఇంటికి ఎవలు పోతరు?" ముసలామె ముందుకి జరిగి రత్నం మోకాలి మీద చెయ్యేసింది. "మాకు నీ మీద కోపం లేదు. నువ్వు మా ఇంటి మాట ఎన్నడు తప్పలే. పదారేండ్లు కొత్తల పండుగకు నీ వంతు పంపినం. పెద్దకోడలు కొత్తబియ్యం తిన్నదని తెలిసినాకనే మా ఇంట్ల కొత్తబువ్వ వండుతం. సారు పట్టుకపోయెటోడు. రెండోనాడు హిడ్మాకు ఫోను జేసి, తిన్నది, ఇగ మీరు తినుండ్రి అనెటోడు. ఒక్కయేడు తప్పలే. అసొంటిదానివి రాయికాడికి రానంటవా?"

రత్నం వంటింటి గట్టు వైపు తలతిప్పి చూసింది.

* * *

ఆకు పొట్లం. నారతో కట్టిన ఆకు పొట్లం.

మొదటిది ఆపరేషనప్పుడు వచ్చింది. జగదల్‌పూర్ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి పడుకుంది రత్నం. మూడురోజులు ఆలస్యంగా మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు, పిక్కలదాకా బురద. చేతిలో ఆ పొట్లం. "నీకు పంపారు. కొత్తబియ్యం. వండుకో," అన్నాడు. ఎలా ఉన్నావని అడగడానికి ముందు ఆ మాట అన్నాడు.

"ఏ చేతి బియ్యమో, ఏ నీళ్ళలో తడిసిందో," అంది ఆమె. పక్కనున్న అమ్ముని పిలిచి, "నువ్వు పట్టుకుపోవే," అని ఇచ్చేసింది.

మాస్టారు చూశాడు. కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు. మర్నాడు వసారాలోకి పోయి ఫోన్లో ఎవరితోనో వాళ్ళ మాటలో మాట్లాడుతూ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ఇంకా జ్ఞాపకం. కడుపు కుట్లు లాగుతుంటే, లోపల మంచం మీద పడుకుని, ఆ నవ్వు వింది.

అక్కణ్ణుంచి ఏటా పొట్లం వచ్చేది. ఏ మాటా లేకుండా గట్టు మీద పెట్టేవాడు. సాయంత్రానికి అది అమ్ము బుట్టలోకి పోయేది. పదహారు పొట్లాలు. రెండోనాడు ఫోను. తిన్నది, ఇక మీరు తినండి.

ఊరుకుంటే సరిపోతుంది. అది రత్నానికి తెలుసు. తిన్నానని కూడా అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. రాయి లేస్తుంది, విత్తనం పడుతుంది. ఆయన మాట నిలబడుతుంది. కానీ నలభై రోజులుగా ఆయన గొప్పలన్నీ మోసిన మనిషి, ఈ చిన్న అబద్ధాన్ని మొయ్యలేకపోయింది. ముసలామె చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది. ఆ చెయ్యి లేకపోతే ఊరుకునేదేమో.

"నేను తినలేదు," అంది.

"ఏంది?"

"ఒక్కయేడూ తినలేదు. అదేటో నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. తెలిసినా తినేదాన్ని కానేమో, అప్పటి మనిషిని. ఇచ్చేసేదాన్ని."

"అమ్మా," శ్యామ్ వెనకనుంచి భుజం పట్టుకున్నాడు. "లోపలికి రా. ఏం మాట్లాడుతున్నావు? ఎందుకిప్పుడిదంతా?"

సన్నే చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా ఏం కాదు. వేడి గిన్నె మీంచి తీసినట్టు తీసింది.

వెనకవాళ్ళు వాళ్ళ మాటలో ఏదో గబగబా అనుకున్నారు. హిడ్మా వాళ్ళని ఆపలేదు. తలగుడ్డ దులిపి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని అడిగాడు:

"అయితే అన్న అబద్ధం చెప్పిండా వదినె?"

శ్యామ్ చేతిలో కాగితాలు ఉన్నాయి. మొదటి వాక్యం మీదే ఉంది.

"చెప్పారు," అంది రత్నం.

"పదారేండ్లు?"

"నేను తినలేదని మాత్రం నాకు తెలుసు. మీకేం చెప్పేవారో ఇవాళే విన్నాను."

"మేం ముందుగాల తిన్నం అయితే," అన్నాడు హిడ్మా. ఎవరినో నిందిస్తున్నట్టు లేదు. చేలో తెగులు చూసినవాడిలా అన్నాడు. "కోడలి కన్న ముందుగాల తిన్నం. మా తాతల ముందట తప్పు. తప్పు నెత్తినున్న ఇంటోళ్ళు రాళ్ళ వరుసల కొత్తరాయి ఎట్ల నిలవెడుతరు? ఊళ్ళె చెప్పాలె. ఊళ్ళె చెప్తే ఇగ రాయి లేదు."

"లేకపోతే ఏమైంది?" శ్యామ్ గొంతు తెగింది. "రాయి లేకపోతే నాన్న సారు కాకుండా పోతాడా? కాలేజీలో హాలుంది ఆయనకి. రాతికోసం మా అమ్మని దోషిని చేస్తారా?"

"హాలుల మేం దున్నం కొడుకా."

"శ్యామూ, నువ్వూరుకో," అంది రత్నం. "వాళ్ళు నన్నేటీ అనలేదు. నేనే అన్నాను."

వాన ఒక్కసారి చూరు మీద గట్టిగా పడింది. నలుగురిలో ఒకడు లేచి ఆకాశం చూసి, వాగు వైపెక్కడో లెక్కగట్టుకుని, మళ్ళీ కూర్చున్నాడు. పన్నెండు బస్సుకి ఇంకా గంట ఉంది.

అప్పుడు సన్నే అడిగింది. అంతసేపూ ఆమె ఆలోచిస్తున్నది అదే కాబోలు.

"మరి ఆ వంతు తిన్నదెవలు?"

రత్నం తల తిప్పింది. ఆమె తిప్పిన వైపే అందరూ చూశారు.

వంటింటి గుమ్మంలో అమ్ము నిలబడి ఉంది. చేతిలో బెండకాయ ముచికెల గిన్నె. ఎర్రబోరు పక్క పిల్ల. ఆ ఆకు పొట్లమేమిటో, అది ఎవరి నోటికోసం కట్టిందో ఈ ఇంట్లో మాస్టారు కాక మొదటినుంచి తెలిసింది ఆమె ఒక్కతికే. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పనిమనిషిని అడిగేవాళ్ళెవరు?

"దా ఇటు," అంది సన్నే. "నీ పేరేంది?"

"అమ్ము."

"నువ్వు తిన్నవా?"

అమ్ము గిన్నె కింద పెట్టింది. రత్నాన్ని చూడలేదు. శ్యామ్‌ని చూడలేదు. ముసలామె పాదాల దగ్గర ఎక్కడో చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు ఒక్క బిగువున చెప్పింది.

"అమ్మనే తిన్నది. సారు ఎప్పుడు అబద్ధం చెప్పలే. పొట్లం నాకిచ్చిన ప్రతీ యేడు సారు వాకిట్ల నిలవెట్టి చెప్పెటోడు. అమ్మకు ఇప్పుడు కోపమున్నది, వొద్దనకుంట తీస్కపో, తెల్లారి అండ్లకెల్లి పిడికెడు దెచ్చి ఎసట్ల కలుపు, అమ్మకు చెప్పకు అని. నేను కలిపిన. అమ్మ తిన్నది. అది చూసినాకనే సారు ఫోను జేసెటోడు."

"ప్రతీ యేడు?"

"ప్రతీ యేడు."

హిడ్మా మొహంలో నెత్తురు తిరిగొచ్చింది. వెనకవాళ్ళలో ఒకడు "అద్గదీ," అన్నాడు. శ్యామ్ ఊపిరి వదిలిన చప్పుడు రత్నానికి వినబడింది. కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు కూడా.

రత్నం మాత్రం అమ్మునే చూస్తోంది.

ఎసట్లో కలిపింది. ఏ ఎసట్లో? ఈ ఇంట్లో ఎసరు పెట్టింది ఎవరు, బియ్యం కడిగింది ఎవరు, గంజి వార్చింది ఎవరు? ఆపరేషనై లేవలేనప్పుడు కూడా విజయనగరం నుంచి చెల్లెలొచ్చి వండింది గాని, ఆ నల్లరాతి అంచు దాటి అమ్ము ఒక్కనాడు వచ్చిందా? అన్నం గిన్నె బయటా లోపలా ఎలా ఉంటుందో దూరంనుంచి చూడడమే గాని ముట్టుకుందా?

తను కాపాడుకొచ్చిన కట్టడే ఈ పిల్ల మాట అబద్ధమని చెబుతోంది. ఆ సంగతి ఈ వసారాలో తట్టింది ఇద్దరికే.

ఎంత తేలిగ్గా అబద్ధమాడింది. మాస్టారి మాట నిలబెట్టింది. నలభై ఇళ్ళ విత్తనం నిలబెట్టింది. పదిహేడేళ్ళు తనని అంచు అవతల నిలబెట్టిన మనిషిని కూడా నిలబెట్టింది. రత్నానికి కళ్ళు మండాయి. ఏడుపు కాదు. నిద్రలేని కళ్ళు మండినట్టు మండాయి.

"నిజమేనా కోడలా?" సన్నే అడిగింది. ముసలామె గొంతులో ఆశ ఉంది, అనుమానమూ ఉంది. "నీ ఎసట్ల పిడికెడు కలిస్తే నీకు తెలవకుంటుంటదా?"

అవునంటే ముసలామెకి అబద్ధం చెప్పినట్టు. కాదంటే మాస్టారికి రాయి లేదు. ఇద్దరూ తనవాళ్ళే, ఆయన నలభై ఏళ్ళ నుంచి, ఈమె అరగంట నుంచి. ఇంతకుముందు ఒక నిజం చెప్పినందుకే ఒంట్లో సత్తువంతా పోయింది. రెండోదానికి ఓపిక లేదు.

రత్నం గోడ పట్టుకుని లేచింది.

"అమ్మూ."

"అమ్మా."

"లోపలికెళ్ళి ఎసరు పెట్టు. తొమ్మిదిమందికి. నిన్నటినుంచి తిండిలేదు వీళ్ళకి."

శ్యామ్ తలెత్తి చూశాడు. ఈ ఇంట్లో పుట్టి పెరిగినవాడు, ఆ మాట ఎన్నడూ వినలేదు. జవాబు చెప్పందే ముట్టమన్నవాళ్ళకి అన్నం వండమందంటే, జవాబేదో చెప్పేసినట్టేనని కూడా అతనికి అప్పుడే తట్టింది.

"అమ్మా, అయితే రేపు..."

రత్నం గుమ్మానికి అడ్డం తప్పుకుంది. హిడ్మా తలగుడ్డ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. సన్నే బుట్ట మీది ఆకు సర్దింది.

అమ్ము కొంగు బిగించి వంటింట్లోకి నడిచింది. గట్టు దాటింది, నీళ్ళ బిందె దాటింది. పొయ్యి మూల దగ్గరికి వచ్చేసరికి, నల్లరాతి అంచుకి జానెడు ఇవతల, పదిహేడేళ్ళుగా ఆగినచోటే, ఆమె పాదం ఆగిపోయింది. ఎవరో అవతలనుంచి అందించాలన్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి నిలబడింది.

ఒక్క క్షణమే.

వసారాలోంచి వంటింటి గుమ్మం సూటిగా కనబడుతుంది. సన్నే ఆకు సర్దడం ఆపి, ఆ పాదాన్నే చూస్తోంది.